ఎండు చేపల రాయి

మా సంతలో అమ్మేవాళ్ళందరికీ తలా ఒక రాయి ఉండేది. ఇప్పుడు చెబితే నవ్వుతారు. నవ్వనీండి. నేనూ ఒకప్పుడు నవ్వినవాణ్ణే, ఆ నవ్వుకు ఏమయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది గురువారం సంత. ఊరు మణుగూరు బొగ్గుబావుల కాలనీలకూ అడవి గూడేలకూ నడుమ ఉంటుంది. గూడేల వాళ్ళు చింతపండు, ఇప్పపువ్వు, చీపుర్లు నెత్తిన పెట్టుకుని వచ్చేవారు. కాలనీల వాళ్ళు ఖాళీ సంచులు ఊపుకుంటూ వచ్చేవారు. తూర్పున రోడ్డు మీద కల్వర్టు, పడమట వాగు, రెంటికీ మధ్య సంత. సంతకు నడిబొడ్డున పంచాయతీ ఆఫీసు. ఏళ్ళ తరబడి వచ్చి అమ్మేవాళ్ళు తమ తావులో ఒక రాయి వేసుకునేవారు. బస్తా తడవకుండా దాని మీద పెట్టుకోవడం పైకి కనపడే ఉపయోగం. అసలు ఉపయోగం వేరు. వారమంతా ఆ రాయి అక్కడే ఉంటుంది, అది ఉన్నంతకాలం ఆ తావు వాళ్ళది. రాయిగలవాళ్ళు తమ రాయిని తామే ఎత్తుకుపోతే తావు వదులుకున్నట్టు లెక్క. ఇంకొకరు ఎత్తితే, ఎత్తిన చేతులే తెచ్చి మళ్ళీ పెట్టాలి. వేరేవాళ్ళు పెట్టినా చెల్లదు. ఏ కాగితం మీదా లేదు ఇది. కాగితం మీద ఉన్నవాటి కన్నా బాగా నడిచింది.

పడమటి కొసన, వాగు గట్టుకు ఆనుకుని, ఎండు చేపలామె రాయి ఉండేది. విరిగిన తిరగలి కింది దిమ్మ, వాళ్ళ అత్తది. ఆమెది గోదావరి ఒడ్డు ఊరు, చేపలు పట్టే ఇల్లు. మొగునికి చూపు మందగించి వల మానేసిన తర్వాత ఇల్లు మొత్తం ఆమె గోతాల మీదే నడిచింది. పరిగెలు, జెల్లలు, రొయ్యపొట్టు. వారంలో ఆరు రోజులు ఎండబెట్టడం, ఏరడం, గోతాలకెత్తడం. ఏడో రోజు మా సంత. ఆ ఒక్క రోజు దెబ్బతింటే ఆమెకు వారం లేదు.

ఇక నా సంగతి. మూడో తరగతితో బడి సరి. ముప్పై ఏళ్ళ పైచిలుకు బావి దగ్గర దీపాల గదిలో పనిచేశాను. దిగేవాళ్ళ టోపీకి దీపం ఇవ్వాలి, పైకి వచ్చాక తీసుకోవాలి. నడుమ అంతా ఖాళీ. ఆ ఖాళీలో తోటివాళ్ళు పేకాట ఆడితే నేను చదువుకున్నాను. కాలనీ లైబ్రరీ బీరువాకు ఎప్పుడూ తాళమే ఉండేది, తాళం చెవి గలాయన ఎప్పుడూ సెలవులో ఉండేవాడు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ మండుతుంది. అందుకే చిత్తుకాగితాల కొట్లో తూకానికి కొన్న పుస్తకాలే నా చదువు. అట్ట లేనివి, మొదలు లేనివి, చివర లేనివి. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు కూడా కూడబలుక్కున్నాను. పదవీ విరమణ నాటికి ఊళ్ళో అర్జీ రాయాలన్నా, కాగితం చదివించుకోవాలన్నా నా గడపకే వచ్చేవారు. నాకు గర్వం లేదని అబద్ధం చెప్పను.

ఈ సంగతి జరిగేనాటికి రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయింది. గూడేలకు మంచినీళ్ళ బోర్లు వేయించే ఒక చిన్న సంఘం వాళ్ళు మాఘమాసంలో కబురు పెట్టారు: నార్వే నుంచి ఒకామె వస్తున్నది, సముద్రం ఒడ్డున ఉన్న చిన్న మున్సిపాలిటీలో నీళ్ళ పైపుల పని చూస్తుందట, అక్కడి సభలో మెంబరు కూడానట, జనం అంతా ఒకచోట కనపడతారు కాబట్టి గురువారమే తీసుకొస్తాం అని.

సర్పంచి నా దగ్గరికి వచ్చాడు. గూడెం మనిషి, నలభై ఏళ్ళవాడు, మంచివాడు. నన్ను కాకా అనేవాడు.

"కాకా, నువ్వు గన్ని బుక్కులు చదివినవ్. ఆ నార్వే ఏంది, ఆమెకు ఏం నచ్చుతది, ఏం నచ్చదు, జర చెప్పు."

నా దగ్గర ఒక భూగోళం పుస్తకం ఉండేది. అందులో నార్వేకు ఒక పేజీ ఉంది. మంచు కొండలు, దేవదారు అడవులు, అర్ధరాత్రి కనిపించే సూర్యుడు. అవతలి పేజీ ఎవరో పల్లీలు కట్టడానికి చింపుకుపోయారు. ఉన్న ఒక్క పేజీతోనే నేను ఉపన్యాసం ఇచ్చాను.

"అది మంచు దేశం బిడ్డా. మంచుల ఏ వస్తువుకూ వాసన పుట్టదు. గాలి కడిగినట్టు ఉంటది. గసొంటి దేశంల పుట్టినామెను మన ఎండు చేపల కాడ నిలబెడితే ఏమైతది? కళ్ళు తిరిగి పడిపోతది."

సర్పంచి గాభరా పడ్డాడు. "అవ్ కాకా, పరువు పోతది. ఈ ఒక్క వారం ఎండు చేపలామెను కల్వర్టు అవతల కూసోబెడదాం. ఒక్క వారమే."

బుధవారం సాయంత్రం పంచాయతీ సఫాయి మనిషిని పిలిచి తిరగలి దిమ్మ ఎత్తమన్నాం. అతను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"ఒకరి రాయి నేనెట్ల ముడతా కాకా? మా ఇంటామె నాకు అన్నం పెట్టదు."

"రాయికేం తెలుసురా? మనిషి చంద్రుని మీద నడిచొచ్చిండు, మీరింకా రాళ్ళకు భయపడుడు" అని నేనే వంగి ఎత్తాను. సైకిలు క్యారియరు మీద పెట్టి, కల్వర్టు దాటించి, రోడ్డు పక్కన పడేశాను. అప్పటికి నాకు అరవై దాటాయి. నడుము చురుక్కుమంది, అయినా జ్ఞానం గెలిచిందని సంతోషించాను.

గురువారం పొద్దున ఆమె గోతాలు దింపుకుని తన తావు ఖాళీగా చూసింది. సంగతి చెప్పాను. ఒక్క వారమే అన్నాను. ఆమె తగువు పెట్టుకోలేదు. గోతం మళ్ళీ నెత్తికెత్తుకుంటూ ఒక్క మాట అంది.

"ఎత్తింది నువ్వే గద అన్నా. యాది పెట్టుకో."

పది గంటలకు జీపు వచ్చింది. దిగినామెకు యాభై దాటి ఉంటాయి. పొట్టి జుట్టు, ఎండకు కందిన ముక్కు, మగవాళ్ళ లాంటి పెద్ద చేతులు. పంచాయతీ ఆఫీసు ముందు కుర్చీలు వేసి, బంతిపూల దండ వేసి, కొబ్బరిబోండాం ఇచ్చాం. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆమె పక్కన నిలబడ్డాను, మాట తర్జుమా చేయడానికి.

సర్పంచి రెండు మాటలు మాట్లాడాడో లేదో, తూర్పు నుంచి గాలి వీచింది. దాంతోపాటు వాసనా వచ్చింది. మామూలుగా కాదు, కుండ మూత తీసినట్టు వచ్చింది. పరిగెలు, జెల్లలు, రొయ్యపొట్టు అన్నీ కలిసి సభలోకి నడిచొచ్చాయి. ముప్పై ఏళ్ళుగా ఆమె సంతలో కూర్చుంటున్నా, పంచాయతీ ఆఫీసు ముందుకు ఎన్నడూ ఇంత వాసన రాలేదు. సర్పంచి నా వంక చూశాడు. నేను బంతిపూల వంక చూశాను. కుర్చీలలో ఉన్న పెద్దమనుషులు, ఇంట్లో రొయ్యపొట్టు లేనిదే ముద్ద దిగని పెద్దమనుషులు, కండువాలు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు.

ఆ తెల్లామె బోండాం కింద పెట్టింది. తల పైకెత్తి, కళ్ళు మూసుకుని, రెండుసార్లు గాలి పీల్చింది. పడిపోతున్నదనుకుని నేను పట్టుకోవడానికి చేతులు చాచాను.

"చేప ఎక్కడ?" అని అడిగింది.

క్షమించాలని ఏదో గొణిగాను. ఆమె వినలేదు. దండ మెడలో ఉండగానే లేచి, గాలికి ఎదురు నడుచుకుంటూ కల్వర్టు దాటింది. వెనక మేమంతా.

ఎండు చేపలామె రోడ్డు దుమ్ములో గోతాల మధ్య కూర్చుని ఉంది. ఇంతమంది రావడం చూసి, ఇక్కడినుంచి కూడా లేపడానికే వచ్చారనుకుందేమో, గోతం మూతి గట్టిగా పట్టుకుంది. తెల్లామె ఆమె ఎదురుగా నేల మీద గొంతుకు కూర్చుంది. ఒక జెల్ల తీసుకుని రెండు వేళ్ళతో వంచి చూసింది, వాసన చూసింది, తోక దగ్గర ముక్క తుంచి నోట్లో వేసుకుంది. మా సర్పంచి 'హా' అని నోరు తెరిచాడు.

"ఈమెకు పని వచ్చు అని చెప్పండి" అంది నాతో.

చెప్పాను. ఎండు చేపలామె చేతి పట్టు కాస్త సడలింది.

"ఆమెకేం తెలుసు మన పని?"

అప్పుడు నా చిరిగిన పేజీ తెల్లామె నోటినుంచి వినపడింది. వాళ్ళ మున్సిపాలిటీ అంటే పట్నం కాదు. రాళ్ళ దీవులు కొన్ని, ఒడ్డున కొంచెం నేల, దాన్ని పట్టుకుని ఇళ్ళు. మన రెండు మూడు గూడేల జనం ఎంతో, అంతకన్నా ఎక్కువ ఉండరట. పంట పండదు. చలికాలంలో సముద్రంలోకి పెద్ద చేపలు మందలుగా వస్తాయి. వాటి మీదే ఆ ఊళ్ళు పుట్టాయి. చేపలను జంటలు జంటలుగా తోకలకు కట్టి, ఇంటికన్నా ఎత్తుగా కట్టిన కర్రల పందిళ్ళ మీద వేలాడదీస్తారు. ఎండాకాలం మొదలయ్యేదాకా అవి గాలికి ఊగుతూ కర్రముక్కల్లా ఎండుతాయి. ఆమె చిన్నప్పుడు తోటి పిల్లలతో కలిసి చేపల నాలుకలు కోసే పని చేసిందట. చెయ్యి చాచి, చిటికెన వేలి మీద మచ్చ చూపించింది. ఆమె పుట్టిన దీవికి ఒకప్పుడు వేరే పంచాయతీ ఉండేదట. సర్కారు దాన్ని తీసుకెళ్ళి పక్క పెద్దదానిలో కలిపేసింది. ఆఫీసు పడవెక్కి అవతలి ఒడ్డుకు పోయింది. ముసలివాళ్ళు ఇప్పటికీ దాన్ని ఒప్పుకోరని నవ్వింది.

ఎండు చేపలామెకు పంచాయతీల గొడవ పట్టలేదు. "ఉప్పు ఎంత వేస్తరు?"

"ఉప్పే వెయ్యరట."

"అబద్ధం. ఉప్పు లేంది పురుగు పట్టదా?"

"చలికి ఈగలే ఉండవట."

"ఈగలు లేని ఊరా!" ఆమె మొదటిసారి నవ్వింది. "మరి గసొంటి సలిల మనుషులెట్ల బతుకుతరు, అడుగు."

అడిగాను. తెల్లామె జవాబు చెప్పకుండా, చొక్కా మీద చొక్కా వేసుకుంటున్నట్టు ఆరేడుసార్లు చేతులు ఆడించి చూపింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

"తలకాయలు ఏం చేస్తరు?"

"విడిగా ఎండబెట్టి ఆఫ్రికా దేశాలకు పంపుతరట. వీళ్ళు తినరట."

"పాపం" అంది ఎండు చేపలామె, నిజంగానే జాలి పడుతూ. "రుచంతా పడవెక్కించి పంపి, కట్టెలు తింటరన్నట్టు."

అలా వాళ్ళిద్దరూ నన్ను నడుమ కిటికీలా పెట్టుకుని మాట్లాడుకున్నారు. అర్ధగంటలో నాకు తెలియని సంగతులు నేను పుట్టిన గడ్డ గురించే ఎన్నో విన్నాను. ఎండ ఎక్కువైతే చేప పైన ఉడికి లోపల కుళ్ళుతుందని, అందుకే మిట్టమధ్యాహ్నం తాటాకు కప్పుతారని. గాలే అసలు పనివాడని. ఆ మాట దగ్గర ఇద్దరూ ఒకేసారి తల ఊపారు, నేను తర్జుమా చేయకముందే.

అంతలో తెల్లామె లేచి నిలబడి చుట్టూ చూసింది. చిటికెడు దుమ్ము తీసి వదిలింది. అది సంత మీదికి, మా కుర్చీల మీదికి పోయింది. పడమట వాగు వైపు చెయ్యి చూపింది.

"ఈమె ఎందుకు ఇక్కడ కూర్చుంది? ఇంత పని తెలిసిన మనిషి గాలికి ఇటువైపు కూర్చోదు. అక్కడ ఆ గట్టున కూర్చుంటే వాసన నీళ్ళ మీదుగా పోతుంది కదా?"

ముప్పై ఏళ్ళు. ఆమె వాగు గట్టున ఎందుకు కూర్చుంటుందో ఒక్కనాడూ ఆలోచించలేదు నేను. ఎండాకాలం పడమటి గాలి మొదలయ్యాక గోతాల మూతులు బిగించి, అడిగినవాళ్ళకే విప్పడం చూశాను. ఎందుకో ఆలోచించలేదు. అన్ని పుస్తకాలు చదివినవాణ్ణి.

ఏం అడిగిందో ఎండు చేపలామెకు తెలుగులో చెప్పాను. చెప్పక తప్పలేదు.

ఆమె నన్నే చూస్తూ నెమ్మదిగా చెప్పింది. "నా తావు అదే అని చెప్పు. మా అత్త కాలం నుంచి అదే అని చెప్పు. దొరసానికి వాసన పడదని నన్ను ఈడికి తోలిండ్రని చెప్పు. రాయి ఎత్తినాయన నీ పక్కనే నిలబడ్డడని చెప్పు."

జనమంతా నన్నే చూస్తున్నారు. నేను ఇంగ్లీషులో ఏం చెప్పానో అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. ఈరోజు రద్దీ ఎక్కువని, ఈమె ఇక్కడ కూర్చుందని చెప్పాను. అంతే.

ఎండు చేపలామెకు ఇంగ్లీషు రాదు. లెక్క వచ్చు.

"నేను గంత చెప్తే నాలుగు ముక్కలల్ల అయిపాయెనా అన్నా?"

తెల్లామె మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. నాలుగు జెల్లలు కాగితంలో కట్టించుకుని, వెళ్ళేటప్పుడు తన అడ్రసు, ఈమెయిలు కూడా రాసి నా చేతిలో పెట్టింది. ఆమెకు కాదు, నాకు.

ఒక్క వారమే అన్నాం కదా. మరుసటి గురువారం వచ్చేసరికి వాగు గట్టున తల్లాడ వైపునుంచి వచ్చిన ప్లాస్టిక్ సామాన్ల అతను బకెట్లు, చాటలు పరిచి కూర్చున్నాడు. రాయి లేని తావు కనపడింది, కూర్చున్నాడు. అతని తప్పేముంది? కల్వర్టు అవతల ఎండు చేపలామె బస్సుల దుమ్ములో కూర్చుంది. సంతకు వచ్చినవాళ్ళు కల్వర్టు దాకా పోయేవారు కాదు. తెచ్చిన గోతాల్లో సగం తిరిగి పోయేవి. దుమ్ము పడ్డ రొయ్యపొట్టును ఆమె ఇంటికెళ్ళి మళ్ళీ జల్లించుకోవాలి. ఇట్లా నాలుగు వారాలు.

"నీ తావుకు పో చెల్లె. అతనికి నేను చెప్తా" అన్నాను.

"రాయి?"

"నువ్వే తెచ్చుకో. నేను అడ్డమొస్తనా?"

"నేను ఎత్తితే నా తావు నేనే ఇడిసిపెట్టినట్టు. నీకు ఎరుకలేదా?"

"ఆటో మాట్లాడుతా. సఫాయి పిల్లగాణ్ణి పంపుతా."

"ఆటో ఎత్తిందా? వాడు ఎత్తిండా?" అని రొయ్యపొట్టు జల్లించుకోసాగింది. తల ఎత్తకుండానే అంది. "ఇంకో రెండు వారాలు చూస్తా అన్నా. గిట్లనే ఉంటే సంత బంద్ చేస్తా. మా ముసలాయనకు చెప్పిన. నా చేతుల్ల ఏమున్నది?"

సంత మానేస్తే ఆ ఇల్లు ఎలా నడుస్తుందో నాకు తెలుసు. అయినా పోయి రాయి ఎత్తలేదు నేను. గురువారం పూట, నిండు సంతలో, అందరూ చూస్తుండగా ముసలివాడు తిరగలి దిమ్మ మోసుకుంటూ రావడం ఊహించుకుంటే చెవులు వేడెక్కేవి. నాకు చేతనైన పని నేను చేశాను. అర్జీ రాశాను. మూడు పేజీలు. న్యాయం గురించి, పేదల హక్కుల గురించి, అధికారుల మొద్దునిద్ర గురించి. మండల ఆఫీసులో గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి, "సంతల ఎవరు యాడ కూసోవాలన్నది మా రికార్డుల ఉండదు పెద్దాయనా" అన్నాడు. ఎంత కోపం వచ్చిందో! బస్సులో తిట్టుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చాక అర్జీ నకలు మళ్ళీ చదువుకున్నాను. మూడు పేజీలలో రాయి ఎత్తింది ఎవరో లేదు.

ఆ సాయంత్రమే నార్వేకు ఉత్తరం మొదలుపెట్టాను. ఆనాడు మీరు అడిగిన దానికి నేను అబద్ధం చెప్పాను అని రాయడానికి నిఘంటువు అవసరం పడలేదు, ఆ మాటలు నాకు ముందే వచ్చు. భూగోళం పుస్తకం, చిరిగిన పేజీ, సైకిలు క్యారియరు, అంతా రాశాను. సర్పంచి బిడ్డకు కొత్తగూడెంలో కంప్యూటరు సెంటరు తెలుసు. అక్కడినుంచి ఈమెయిలులో పంపిస్తే ఆ రోజే చేరుతుందంది. అలా పంపాం. పది రోజులకు జవాబు కాగితం మీద అచ్చువేయించి తెచ్చి ఇచ్చింది.

పైన వాళ్ళ మున్సిపాలిటీ ముద్ర ఉంది. నీలం మీద తెల్ల చేప. వేరే ఏమీ లేదు. సింహాలు లేవు, కత్తులు లేవు. సర్కారు ముద్ర మీద చేప! నేను చాలాసేపు దాన్నే చూశాను.

కింద ఇలా రాసింది. ఆరోజే నాకు సగం అర్థమైంది, మీ ముఖం చూసి. ఎందుకంటే నేనూ ఆ పని చేశాను. మా ఊళ్ళో సెలవులకు వచ్చే పట్నం వాళ్ళు ఒడ్డున ఇళ్ళు కొనుక్కుని, పందిళ్ళ వాసన పడటం లేదని సభకు రాశారు. వాటిని దీవి అవతలి కొసకు మార్చాలని మొదట చెయ్యి ఎత్తిన మెంబరును నేనే. చేపల నాలుకలు కోసి పెరిగినదాన్ని. ఆ పందిళ్ళు చూసుకునే ముసలాయన, అక్కడ గాలి తడిగా ఉంటుంది, చేప ఆరదు అన్నాడు. మేము పటం చూశాం, గాలిని చూడలేదు. ఆ ఏడు చేప బూజుపట్టింది. తీర్మానం వెనక్కి తీసుకోవడానికి మాకు ఒక్క సాయంత్రం పట్టింది. ముసలాయన మాత్రం మాతో మాట్లాడలేదు. నేను వెళ్ళి ఆయన వెంట కర్రలు వెనక్కి మోయడం మొదలుపెట్టాక, మూడో రోజు, ఇటువైపు పట్టుకో అన్నాడు. అది మొదటి మాట.

ఉత్తరం అంతే. నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు.

అప్పటికి ఆమె చెప్పిన రెండు వారాలలో రెండోది వచ్చింది. ఆ గురువారం కల్వర్టు దాటి వెళ్ళాను. ఆమె గోతాలు దింపుకుంటున్నది. వంగి దిమ్మ ఎత్తాను. సైకిలు తీసుకుపోలేదు. తీసుకుపోవచ్చు, కానీ తీసుకుపోలేదు. పొట్టకు ఆనించుకుని నడిచాను. కల్వర్టు మీద ఒకసారి దింపాను. మిరపకాయల అతను లేచి నిలబడ్డాడు. "కాకా, ఒక చెయ్యి వెయ్యనా?" అన్నాడు. "వెయ్యకు, చెల్లది" అని ఉల్లిగడ్డలామె అతన్ని కసిరింది. నాకోసమే జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. పంచాయతీ ఆఫీసు ముందు రెండోసారి దింపాను. సర్పంచి ముక్కుకు రుమాలు కట్టుకుని గడపలో నిలబడి ఉన్నాడు. ఆరు గురువారాలుగా ఆ కంపులో కూర్చుంటున్నాడు పాపం.

"పో కాకా, జల్దీ పో. నీకు పుణ్యముంటది" అన్నాడు రుమాలు లోంచి.

అప్పుడు జనం నవ్వారు. నా మీద కాదేమో అనుకున్నాను. నా మీదైనా ఫరవాలేదు.

ప్లాస్టిక్ సామాన్ల అతను నన్ను చూసి లేచాడు. "నేను తెలిసి కూసున్ననా పెద్దాయనా?" అన్నాడు. లేదన్నాను. చూస్తే అతనికీ ఆ తావుతో పొసగడం లేదు. గాలికి అతని తేలిక బకెట్లు వారం వారం దొర్లి వాగులో పడుతున్నాయట. ఆఫీసు గోడ మరుగున జాగా చూపిస్తే సంతోషంగా సర్దుకున్నాడు.

ఎండు చేపలామె వెనకాలే వచ్చింది. నేను దిమ్మ దింపబోతే ఆగమంది. చిటికెడు దుమ్ము తీసి వదిలింది. అది వాగు మీదికి పోయింది.

"జర ఇటు. ఇంకా. ఆ గడ్డిపరక కాడికి. అవ్, గంతే."

పెట్టాను. నడుము పట్టుకుని అక్కడే గట్టు మీద కూలబడ్డాను. ఆమె దిమ్మ మీద దుమ్ము కొంగుతో తుడిచి, గోతం దాని మీదికి లాగి, మూతి విప్పింది. మొదట వచ్చింది కాలనీ నుంచి ఒకామె. రొయ్యపొట్టు అడిగింది. ఎన్ని రోజులాయె నువ్వు కనపడక, అంది. ఎండు చేపలామె నా వైపు చూడకుండా, "ఊరికి పోయిన" అంది.

కాలనీ ఆమె వెళ్ళిపోయాక నేను తెల్లామె ఉత్తరం తీసి, నీలం మీద తెల్ల చేప ముద్రను చూపించాను. పందిళ్ళ సంగతి, ముసలాయన సంగతి మొత్తం చదివి తెలుగులో చెప్పాను. ఈసారి నాలుగు ముక్కలలో కాదు. ఎండు చేపలామె కాగితం చేతికి తీసుకుని, చేప బొమ్మను దగ్గరగా పట్టుకుని చూసింది.

"దీనికి తలకాయ ఉన్నది" అంది.

"ఉన్నది."

"మరి తినకుంట పంపుడెందుకు? ఆమెకు ఉత్తరం ఎయ్యి అన్నా. పులుసుల మంచిగుంటదని చెప్పు, చింతపండు ఎంత వెయ్యాల్నో కూడా నేను చెప్తా. నేను చెప్పింది చెప్పినట్టు చెప్పాలె. ఇటువైపు కూసో, ఎండ తగుల్తున్నది."

నేను ఇటువైపు జరిగి కూర్చుని, జేబులోంచి పెన్ను తీశాను.